చలువ గిడ్డంగి తాళము ఎవరిచేత నుండవలయును?



గడచిన వేసవిలో పనిమీద హైదరాబాదునకు పోయి, బంజారా హిల్సులో బంధువుల యింట రెండు దినములుంటిని. ఒకనాటి సాయంకాలము వారితో కూడ అచ్చటి యొక పెద్ద దుకాణమునకు పోతిని. అందొక గోడ పొడవునను అద్దపు తలుపుల బీరువాలు కలవు. వానిలో మంచు పొడి పట్టిన సంచులలో పచ్చి బఠాణీలు, మొక్కజొన్న గింజలు, తరిగిన కూరలు, రొయ్యలు వరుసగా పేర్చియుండెను. బఠాణి చలికాలపు పంట. వెలుపల రోహిణి యెండలు మండుచుండగా లోపల మాఘమాసపు గింజ పచ్చదనము చెడక కొనువారి కొరకు కాచుకొనియున్నది. నేను దానిని చూచుచు కొంతసేపు నిలిచిపోతిని.

ఆ కొండలకు పేరిచ్చిన బంజారాలు, అనగా మన లంబాడీలు, పూర్వము ఎద్దులపై ధాన్యమును, ఉప్పును వేసికొని దేశదేశములు తిరిగినవారు. పంట మిక్కిలిగా నున్నచోటనుండి లేనిచోటికి సరకు చేర్చుట వారి వృత్తి. వారి యెద్దులు సరకును దూరము దాటించినవి. ఇప్పుడా పేటలోని అద్దపు బీరువా సరకును కాలము దాటించుచున్నది. మాఘమున మిగిలినది జ్యేష్ఠమున దొరకుచున్నది. ఈ రెండు పనులలోను లాభము కలదు. దూరము దాటించినవాడు లాభము పొందినట్లే కాలము దాటించినవాడును పొందును. అయితే పండించిన రైతునకు అందులో నెంత చేరుచున్నదని నేను ప్రశ్నించుకొంటిని. మన సంఘము ఆలోచింపదగిన విషయ మిదియేయని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా చలువ చేయు పని యేమో తెలిసికొందము. వేసవిలో మట్టికుండలోని నీరు చల్లబడుట మనకందరకు తెలిసినదే. కుండ గోడలనుండి ఊరిన నీరు ఆవిరియగుచు లోపలి వేడిని తీసికొనిపోవును. శీతల యంత్రము చేయునదియు నిదియే. అమోనియా వంటి ద్రవమును గొట్టములలో ఆవిరి కానిత్తురు. అది గదిలోని వేడిని లాగికొనును. పిమ్మట ఆ యావిరిని యంత్రముచే ఒత్తి, వెలుపల చల్లార్చి, మరల ద్రవముగా మార్చి లోపలికి పంపుదురు. కుండ నీటిని పోగొట్టుకొనును. యంత్రము తన ద్రవమును పోగొట్టుకొనదు గాని, దానికి బదులు రాత్రింబగళ్లు కరెంటును తినును.

కోసిన కాయ చచ్చినది కాదు. అది ఊపిరి తీయుచునే యుండును. తనలోని చక్కెరను ఖర్చు చేసికొనుచు వేడిని పుట్టించుచుండును. పది డిగ్రీల వేడి పెరిగినచో ఆ ఖర్చు రెండు మూడింతలగును. చలువలో నుంచినచో కాయ ఊపిరి నెమ్మదించును, బూజు పురుగులు మందగించును. గడ్డకట్టించుట దీనికంటె వేరు. అందు పదార్థములోని నీరే మంచుగా మారును. మెల్లగా గడ్డకట్టినచో పెద్ద మంచు పలుకులేర్పడి కణముల గోడలను చీల్చును. కరగినపుడు పదార్థము మెత్తబడి నీరు కారును. వేగముగా గడ్డకట్టించినచో పలుకులు చిన్నవై పదార్థమును అంతగా పాడుచేయవు. 1920 దశకములో అమెరికా దేశస్థుడగు క్లారెన్సు బర్డ్స్‌ఐ యీ వేగ పద్ధతిని వ్యాపారమునకు అనువుగా తీర్చెను. నేడు భీమవరము ప్రాంతపు రొయ్యలు ఇట్లే గడ్డకట్టి, సున్నకు 18 డిగ్రీల దిగువ చలువలో ఓడలెక్కి విదేశములకు పోవుచున్నవి.

అయితే చలువ వైద్యము కాదు. పుచ్చిన కాయను ఏ యంత్రమును బాగుచేయజాలదు. లోపలికి పోయినపుడెట్టిదో, వెలుపలికి వచ్చునపుడు అంతకంటె మేలైనది కాదు. ప్రతి పంటకును ఒకటే చలువ సరిపడదు. అరటిని 13 డిగ్రీలకు తక్కువ చలువలో పెట్టినచో తొక్క నల్లబడును. బంగాళాదుంపను మిక్కిలి చలువలో పెట్టినచో తీపెక్కును. టమాట 10 డిగ్రీలకు లోపల చాలకాలముండినచో రుచి చెడును, సరిగా పండదు. కనుకనే మదనపల్లెలోను, పత్తికొండలోను ధర పడి రైతులు టమాటలను రోడ్డుపై పారబోసినప్పుడెల్ల, అచ్చట కోల్డు స్టోరేజి కట్టినచో కష్టము తీరునని చెప్పు పెద్దల మాట సగమే సత్యము. చలువ టమాటకు రెండు మూడు వారముల గడువు ఇచ్చును గాని నాలుగు మాసములు కాపాడదు. ఆ పంటకు గుజ్జు తీయు కర్మాగారము వేరుగా కావలయును. చలువ కాలమును కొనిపెట్టును. ఆ కాలము కొన్ని పంటలకు దినములలో, కొన్నింటికి మాసములలో లెక్కింపవలయును.

ఎండుమిర్చి మాసముల లెక్కలోనిది. గుంటూరు చుట్టునున్న శీతల గిడ్డంగులన్నియు ప్రధానముగా దీని కొరకు వెలసినవే. బాగుగా ఎండిన కాయను సుమారు 4 నుండి 8 డిగ్రీల చలువలో, తేమ తగులని గదిలో నుంచినచో ఏడాది వరకు రంగు నిలుచును, ఘాటు నిలుచును, పురుగు పట్టదు. బయటనుంచిన కాయ వానకాలము గడచుసరికి వెలిసిపోవును. అందుచేతనే గుంటూరు యార్డులో ‘ఏసీ సరుకు’ అని వేరుగా పేరు, వేరుగా ధర ఏర్పడినవి. జనవరి మొదలు వైశాఖము వరకు కాయ యార్డును ముంచెత్తును. అప్పుడు అప్పులవారు వాకిట నిలిచియుందురు, కూలీలకు రొక్కము కావలయును. అందరును ఒక్కసారి అమ్మినచో ధర పడక యేమగును? కొంత సరకు ఆపుకొనగలిగినవాడు బాగుపడునని సామాన్యముగా మనము తలంతుము. నేనును అట్లే తలచి, అట్లే ఉపన్యాసము లిచ్చినవాడను.

ఇచ్చట నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. 2016 వేసవిలో మిర్చి మంచి ధర పలుకుచుండెను. నా మండలములోని యొక రైతు తన పంటనంతయు అమ్మి అప్పు తీర్చవలెనని యుండెను. “తొందరపడకుము, గిడ్డంగిలో పెట్టుము, దసరాకు ఇంకను పెరుగును” అని చెప్పినవాడను నేనే. అతడు టిక్కీలన్నియు గిడ్డంగిలో పెట్టి, ఆ బాండుమీద వ్యాపారి యొద్ద అప్పు తీసికొనెను. దసరాకు ధర పెరుగలేదు. సంక్రాంతికి తగ్గెను. 2017లో కొత్తపంట మిక్కుటముగా వచ్చి ధర కూలిపోయెను. ఏప్రిలు 28వ తేదీన ఖమ్మము యార్డులో రైతులు ఆగ్రహము పట్టలేక కార్యాలయమును ధ్వంసము చేసిరి. మే నెలలో కేంద్ర ప్రభుత్వము క్వింటాలునకు 5,000 రూపాయల ధర ప్రకటించి, ఆంధ్రలో 88,300 టన్నులు, తెలంగాణములో 33,700 టన్నులు కొనుటకు అనుమతించినది. ఆ ధర కూలిఖర్చులకే చాలదని రైతులు మొరపెట్టిరి. నా సలహా విన్న రైతు అద్దె, వడ్డీ కట్టి సరకు విడిపించుకొనుటకంటె వదలివేయుటయే మేలని వదలివేసెను. కొంతకాలమునకు దారిలో కనబడి, “అయ్యా, నేను గిడ్డంగిలో దాచింది మిరపకాయలు కాదండీ, వడ్డీని” అనెను. అతడు నన్ను నిందింపలేదు. నిందించినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ చరిత్ర మరల వచ్చినది. 2023లో మేలైన రకములు క్వింటాలు 20,000 రూపాయలు దాటి పలికెను. ఆ యాశతో సాగు పెరిగెను, గిడ్డంగులు నిండెను, పాత సరకు కొత్త సరకుమీద బరువై పడెను. 2025 ఫిబ్రవరిలో ఆంధ్ర రైతుల కొరకు కేంద్రము మార్కెటు జోక్య పథకము క్రింద 11,781 రూపాయల ధర నిర్ణయింపవలసివచ్చెను. దీనినిబట్టి గిడ్డంగి ధరను పెంచు యంత్రము కాదని స్పష్టము. అందరును దాచినచో అందరి సరకును వేచియుండును. వేచియున్న సరకు ధరను క్రిందికి లాగును.

అట్లయిన చలువ గిడ్డంగి మనకు పనికిరానిదా? కాదు. అతని నష్టమునకు చలువ కారణము కాదు. కాయ చెడలేదు, రంగు పోలేదు. గిడ్డంగి తన పనిని చక్కగా చేసినది. కాలము గడిచినకొలది ఎవరి వడ్డీ పెరిగినదో, బాండు ఎవరి పెట్టెలో నుండినదో, ఎప్పుడమ్మవలెనో నిర్ణయించు అధికారము ఎవరిదో, అక్కడ నుండినది దోషము. సరకు కొనువాడే అప్పిచ్చువాడు. అప్పిచ్చువాడే గిడ్డంగివానికి మిత్రుడు. అట్టిచోట రైతు కొన్న కాలము రైతుది కాదు.

మిషను బడిలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులు యోసేపు కథ చెప్పెడివారు. ఐగుప్తులో ఏడేండ్లు సమృద్ధి, ఏడేండ్లు కరవు. సమృద్ధి కాలమున పంటలో అయిదవ వంతు రాజు కొట్లలో చేర్చి, కరవు కాలమున ప్రజల ప్రాణములు కాపాడిన బుద్ధిశాలి యోసేపు. బాలుడనైన నాకా కథ అంతవరకే జ్ఞాపకముండెను. పెద్దవాడనై మరల చదివినపుడు దాని చివరి భాగము కనబడెను. ధాన్యము కొరకు ప్రజలు మొదట రొక్కమిచ్చిరి, పిమ్మట పశువులనిచ్చిరి, తుదకు భూములను, తమ్మును కూడ ఫరోకు అమ్ముకొనిరి. ధాన్యము వారు పండించినదే. కొట్టు మాత్రము వారిది కాదు. నిలువ చేయుట ప్రాణములు నిలుపుననుట యెంత నిజమో, తాళము పరులచేత నుండినచో భూమి పోవుననుటయు నంత నిజము.

చలువ చరిత్రయు ఇట్టిదే. 1833లో అమెరికానుండి చెరువుల మంచును రంపపు పొట్టులో కప్పి ఓడలపై కలకత్తాకు తెచ్చిరి. ఆ మంచును నిలువచేయుటకు 1842లో మదరాసు సముద్రతీరమున కట్టిన ఐసు హౌసు నేటికిని నిలిచియున్నది. ఆ చలువ దొరల పానీయముల కొరకు వచ్చినది. సేద్యగానికి దానితో పనిలేదు. 1882లో డునెడిన్ అను ఓడ న్యూజీలండునుండి గడ్డకట్టిన మాంసమును లండనునకు క్షేమముగా చేర్చెను. అప్పటినుండి ఆ ద్వీపములోని పశుపాలకులకు దూరదేశపు బజారు తెరచుకొనెను. వారు సహకార సంఘములుగా చేరి, వెన్న, జున్ను చేయు కర్మాగారములను తమవిగా నడపుకొనిరి. మన దేశమున 1946లో గుజరాతులోని ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారులు సంఘముగా నేర్పడిరి. చలికాలమున గేదెలు విరివిగా పాలిచ్చుటచే మిగులు పాలు వారికి బరువయ్యెడివి. 1955లో వారి స్వంత కర్మాగారమున ఆ మిగులు పాలు పొడిగా మారి వేసవికి నిలువయయ్యెను. అముల్ అను పేరిట నేడు దేశమెల్ల నెరిగిన సంస్థ యదియే. వారు గెలిచినది యంత్రబలము చేతనే కాదు, యంత్రము తమదగుటచేత.

ఇక మనము చేయవలసినదేమి? వెంటనే కోటానుకోట్ల ఖర్చుతో గిడ్డంగి కట్టుదమని నేననను. సగము ఖాళీగానున్న గిడ్డంగికిని కరెంటు బిల్లు వచ్చును. అనుభవము లేని సంఘము ఋణము చేసి కట్టిన భవనము సంఘమునే మింగగలదు. మెట్టు మెట్టుగా పోవుట మేలు.

పని కల్లముమీదనే మొదలుకావలయును. కాయలో తేమ నూటికి 10, 11 పాళ్లకు దిగువరకు ఎండబెట్టవలయును. తాలుకాయను, మచ్చకాయను ఏరి వేరుచేయవలయును. బరువు పెరుగుటకో, కాయ విరుగకుండుటకో నీళ్లు చల్లు దురలవాటును మానుకొనవలయును. ఆ నీరే గిడ్డంగిలో బూజై, బూజులోని విషమే విదేశములలో మన సరకును త్రిప్పిపంపును. ఒకరి తడికాయ పదిమంది టిక్కీలకు చెరుపు.

రెండవది, మొత్తము పంటను ఎన్నడును దాచరాదు. అప్పు తీర్చుటకును, ఇంటి ఖర్చునకును, రాబోవు పెట్టుబడికిని చాలినంత కోతకాలముననే అమ్మవలయును. మిగిలిన దానిలో, మూడవ వంతు మించకుండ గిడ్డంగికి పంపుట మంచిది. దాచుటకు ముందు లెక్క వేసికొనవలయును. క్వింటాలు ధర 10,000 రూపాయలనుకొందము. నూటికి సాలుకు 12 వడ్డీ చొప్పున ఆరు నెలలకు 600. అద్దె, హమాలీలకు 300. తరుగు నూటికి రెండు చొప్పున 200 అనుకొన్నచో మొత్తము 1,100. అనగా ధర 11,100 దాటిన పిమ్మటనే మొదటి రూపాయి లాభము. ఈ కూడిక నేనా రైతునకు చెప్పియుండవలసినది.

మూడవది, రైతు ఒంటరిగా గిడ్డంగి గుమ్మము ఎక్కరాదు. సంఘమే సభ్యులందరి తరఫున ఒక గదిని అద్దెకు మాటలాడవలయును. ఒప్పందము సంఘము పేర, గుర్తులు సభ్యుల పేర నుండవలయును. చలువ డిగ్రీలు నమోదు చేయు పుస్తకమును చూచుటకు, కరెంటు పోయినచో జనరేటరు నడచునో లేదో పరీక్షించుటకు, సరకునకు అగ్ని భీమా కలదని కాగితము పొందుటకు మనకు హక్కుండవలయును. మిర్చి గిడ్డంగులు కాలిపోయిన ఘటనలు గుంటూరు ప్రాంతమునకు కొత్తవి కావు. కాలిన పిమ్మట భీమా కాగితము వెదకుట వ్యర్థము.

నాలుగవది, బాండు మన చేతినుండి పోరాదు. కొనువాని యొద్ద బాండు పెట్టి అప్పు తీసికొనకుడు. తెల్లకాగితముపై సంతకము చేయకుడు. 2007లో చేసిన గిడ్డంగుల చట్టము 2010లో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము రిజిస్టరైన గిడ్డంగి ఇచ్చు రశీదుపై బ్యాంకునుండి ఋణము పొందవచ్చును. కనుక గిడ్డంగిని ఎన్నుకొనునపుడు, అది ఆ చట్టము క్రింద రిజిస్టరైనదా యని మొదట అడుగవలయును. అప్పిచ్చువాడు వేరు, కొనువాడు వేరు అయిననాడు రైతు మాటకు విలువ వచ్చును.

అయిదవది, అమ్మకమునకు తేదీలు ముందే నిర్ణయించుకొనవలయును. దాచిన దానిలో ఒక భాగము శ్రావణములో, ఒక భాగము దసరాకు, శేషము కార్తికము దాటకుండ అమ్మవలయును. కొత్తకాయ యార్డులో కనబడునాటికి మన గది ఖాళీగానుండవలయును. “ఇంకొక్క నెల” అనునది రైతు నోట పుట్టిన మాటయే గాని, అది మేలు చేయునది ఇతరులకు.

ఇట్లు మూడు సంవత్సరములు అద్దె గదిలో నడపి, ఎంత సరకు వచ్చినదో, ఎంత మిగిలినదో లెక్కలు వ్రాసికొందము. లెక్కలు అనుకూలించినచో స్వంత గిడ్డంగి మాట అప్పుడు తలపెట్టవచ్చును. 2020లో కేంద్రము ప్రారంభించిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద, రెండు కోట్ల రూపాయల వరకు ఋణములపై నూటికి మూడు చొప్పున వడ్డీ రాయితీ ఏడేండ్ల వరకు లభించునట్లు ఏర్పాటు చేయబడినది. ప్రాథమిక సంఘములును అందుకు అర్హములే. నాటికి అమలులోనుండు నిబంధనలను బ్యాంకువారి నడిగి తెలిసికొనవలయును.

కూరగాయలు పండించు సోదరులు మా కేమున్నదని అడుగవచ్చును. వారికి కరెంటు లేని చలువ యొకటి కలదు. ఢిల్లీలోని పూసా పరిశోధనాలయమువారు రూపొందించినది. ఇటుకలతో రెండు వరుసల గోడలు కట్టి, నడుమ ఇసుక పోసి, ఉదయము సాయంకాలము తడుపుచు, పైన గడ్డి తడక కప్పి, పందిరి నీడ కల్పింపవలయును. మట్టికుండ సూత్రమే. పొడిగాలి వీచు తెలంగాణ, రాయలసీమలలో ఇది చక్కగా పనిచేయును. ఉక్కపోయు తీరమున అంతగా పనిచేయదు. ఆకుకూరలు, వంకాయలు, బెండకాయలు దీనిలో మరికొన్ని దినములు వాడక నిలుచును. దళారి సాయంకాలము చెప్పిన ధరకు తలయూపక, మరునాటి సంతవరకు ఆగుటకా దినములే చాలును.

బంజారా హిల్సులోని ఆ యద్దపు బీరువాను చూచి నేనసూయపడలేదు. పట్టణపు ఇల్లాలికి వేసవిలో పచ్చి బఠాణి దొరకుట మంచిదే. ఆమె కొనినచోనే మన పంటకు బజారు. ఆ బీరువాకును మన పొలమునకును నడుమ గడచు మాసములలో నొక్కదానికైనను మనము యజమానులము కావలెననియే నా కోరిక.

ఈ విషయమును వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టుమని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాను. గత సంవత్సరము మిర్చి నిలువ చేసిన సభ్యులు తమ బాండులను, అద్దె రశీదులను, అమ్మిన పట్టీలను వెంట తెచ్చినచో, ఎవరికెంత మిగిలెనో అందరి యెదుట కూడి చూచెదము. నేను పలక, బలపము తీసికొని వత్తును. ఈసారి ఉపన్యాసమునకు ముందు లెక్క.